చికాగో మేడమ్‌కు సన్మానం

రౌడీల మీద డాక్టరేట్ చేసిన ఆడమనిషి మదనపల్లెలో నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు, ఒళ్ళు మండి చెబుతున్నాను. మా లేఅవుట్‌లో వేరుశనగ తెగులు మీద పరిశోధన చేసినాయన ఉన్నాడు, పట్టుపురుగుల మీద చేసినావిడ ఉంది. వాళ్ళు గేటుకు 'డాక్టర్' అని బోర్డు తగిలించుకుంటే ఎవరూ కిమ్మనరు. నా బోర్డు చూసినవాళ్ళు మాత్రం ఆగి మరీ అడుగుతారు, "దేంట్లో మేడమ్ మీరు డాక్టరు?" అని. "చికాగో నగరంలో వ్యవస్థీకృత నేరాల తొలి చరిత్ర" అంటాను. కాసేపు అర్థం కాదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక తమ చెప్పుల వైపు చూసుకుంటారు.

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి వెనక క్వార్టర్సులో పెరిగాం. ఎవరో మిషన్ దొరల పాత లైబ్రరీ ఒకటి ఖాళీ చేస్తూ పుస్తకాలు పారేస్తుంటే, చెదలు తినని పెట్టె ఒకటి చూసి, ఆడపిల్ల చదువుకుంటుందిలే అని మా నాన్నే సైకిలుకు కట్టుకుని ఇంటికి తెచ్చాడు. భక్తి పుస్తకాలనుకున్నాడు పాపం. పైన ఉన్న రెండూ భక్తివే. కింద ఉన్నవన్నీ చికాగో సారాయి అంగళ్ళు, జూదం ఇళ్ళు, వాటి వెనక ఉన్న పెద్దమనుషులు. ఏ దొరగారు ఎందుకు చదివి ఎందుకు దాచుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. నేను మాత్రం ఆ పెట్టెలో పడి మళ్ళీ పైకి రాలేదు.

"నర్సుల మీద రాయి, మన పాత పాస్టర్ల మీద రాయి. ఆ సారాయోళ్ళ మీద యాల తల్లీ నీకు?" అని మా నాన్న ఎంతో బతిమాలాడు. చర్చిలో ఎవరైనా పాప ఏం చదువుతోందని అడిగితే "హిస్టరీ" అని ఊరుకునేవాడు. ఏ హిస్టరీ అని ఇంకో ప్రశ్న వేస్తే ఆయనకు దగ్గొచ్చేది.

తర్వాత కుప్పంలో లెక్చరర్ ఉద్యోగం. తెలుగు, తమిళం, కన్నడం కలిపి ఒకే వాక్యంలో తిట్టగలిగే స్టాఫ్ రూములో నా సబ్జెక్టు ఒక శాశ్వత వినోదం. "ఏం మేడమ్, మన పక్క రౌడీలు సాలరా? చికాగో దాకా పోవల్లా?" అనేవాడు ఎకనామిక్స్ ఆయన, రోజూ కొత్తగా కనిపెట్టినట్టు. "ఇంతకీ చికాగో సూసొచ్చినారా?" అని ఇంకొకరు. లేదండీ, నేను బెంగుళూరు దాటి పోలేదు. శ్రీకృష్ణదేవరాయల మీద పీహెచ్‌డీ చేసినాయన్ను మాత్రం, ఆయన్ను చూసొచ్చారా అని ఒక్కరూ అడగలేదు. అక్కడే నాకు 'చికాగో మేడమ్' అనే పేరు స్థిరపడింది, అది నాతో పాటే రిటైరయి మదనపల్లెకు వచ్చింది.

చికాగో అంటే మనవాళ్ళకు తుపాకులు, టోపీలు, పొడుగాటి నల్ల కార్లు గుర్తొస్తాయి. అదంతా తర్వాతి సంగతి. మొదట్లో తుపాకీ లేదు, సారాయి అంగడి ఉంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో పని కోసం వచ్చి పడ్డ జనం. భాష రాదు, దిక్కు లేదు. వాళ్ళకు పని ఎవరిప్పిస్తారు? పోలీసు పట్టుకుపోతే ఎవరు విడిపిస్తారు? చలికాలంలో బొగ్గు ఎవరిస్తారు? ఇంట్లో మనిషి పోతే శవపేటిక ఎవరు కొంటారు? సారాయి అంగడాయన. మరి ఎన్నికలొస్తే ఓటు ఎవరికి? ఆయన చెప్పినవాడికి. కొన్నాళ్ళకు, ఇంకొకడికి చెప్పడం దేనికని ఆయనే నిలబడ్డాడు, గెలిచాడు. జూదం ఇళ్ళు ఆయనవే, వాటి ముందు కాపలా కాసే పోలీసులూ ఆయనవాళ్ళే. ఆ తర్వాత మద్యనిషేధం వచ్చింది. తాగొద్దన్నాక దాహం రెట్టింపవుతుంది కదా. అప్పుడు ఊరిని వీధులుగా పంచుకున్నారు, ఈ వైపు మీది, ఆ వైపు మాది అని. గీత దాటినవాణ్ణి కాల్చేసి, వాడి సమాధికి పెద్ద పెద్ద పూలచక్రాలు పంపించేవారు. మర్యాద తెలిసినవాళ్ళు మరి.

నా థీసిస్ సారాంశం ఒక్కటే: వాళ్ళు మొదట కొట్టరు, మొదట సాయం చేస్తారు. చివరి అధ్యాయం మాత్రం రౌడీల గురించి కాదు, ఆ రౌడీల విందులకు వెళ్ళి ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల గురించి. వాళ్ళను నేను ఉతికి ఆరేశాను. అది చదివి మా గైడు "కొంచెం కోపం తగ్గించమ్మా" అన్నాడు. తగ్గించలేదు.

రిటైరయ్యాక మదనపల్లెలో, పుంగనూరు రోడ్డు పక్కన కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టాను. అన్నీ బాగున్నాయి, నీళ్ళు తప్ప. ఎంత లోతుకు బోరు వేసినా దుమ్మే. పైపులైను వస్తుంది వస్తుంది అంటారు, దాన్ని చూసిన మనిషి లేడు. ఇంటింటికీ నేలలో సంపు కట్టుకుని, అందులోకి ట్యాంకర్ నీళ్ళు పోయించుకోవడమే. ఆ ట్యాంకర్లన్నీ ఒకే మనిషివి. అతన్ని అందరూ ట్యాంకరన్న అంటారు. వయసులో తాతలు కూడా అన్నే అంటారు.

మడత నలగని తెల్ల చొక్కా, వినయంగా వంచిన తల, ఎదురుపడితే కాళ్ళకు దండం. మా లేఅవుట్‌లో ఎవరైనా పోతే శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె అతనే పంపిస్తాడు, ఉచితంగా. వెనకాలే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మొదటిసారి ఆ పెట్టె పక్కింటి ముందు దిగినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. చావింట్లో పులకరించకూడదని నాకూ తెలుసు. కానీ ఏం చేయమంటారు, ఇన్నేళ్ళు కాగితాల మీద చదివిన నా రెండో అధ్యాయం చక్రాల మీద వచ్చి మా వీధిలో ఆగింది!

ఇక అతని గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి. పెద్దవాళ్ళు తన ముందు దేన్నైనా మెచ్చుకుంటే, అది సాయంత్రానికి వాళ్ళింటికి చేరాల్సిందే. ఎవరో ఆఫీసరు మామిడికాయలు బాగున్నాయంటే బుట్టలు బుట్టలు వెళ్ళాయి. ఒక పాస్టరుగారు అతని ఆఫీసులో కూర్చుని "కుర్చీ మెత్తగా ఉందే" అన్నారట, కుర్చీ చర్చికొచ్చేసింది. పాస్టరుగారు నడుం నొప్పికి మెచ్చుకున్నారో, ఆశకు మెచ్చుకున్నారో నాకు తెలియదు గానీ, దాని మీద నేను నవ్విన నవ్వు మాత్రం చర్చంతటికీ తెలుసు.

మా లేఅవుట్‌లోకి ఇంకొకరి ట్యాంకర్ రాకూడదు. అలాగని ఎవరూ చెప్పరు, ఎక్కడా బోర్డు లేదు. అందరికీ తెలుసు, అంతే.

మా పెరటి గోడ అవతల, అమ్ముడుపోని ప్లాటులో, ఒక రేకుల పాక ఉంది. రామసముద్రం పక్క పల్లె నుంచి ఆవులు తోలుకుని వచ్చి అక్కడ చేరిన మనిషి ఆమె. భర్త లేడు, పొలం లేదు, ఉన్నవి ఆ ఆవులే. ఆమె నన్ను అక్కా అనేది, నేనూ ఆమెను అక్కా అనేదాన్ని. ఎవరు పెద్దో మేమెప్పుడూ తేల్చుకోలేదు. పొద్దున్నే పెరటి తలుపు తోసుకుని నేరుగా నా వంటింట్లోకి వచ్చేది. "ఏమక్కా, ఇంకా కాఫీ పెట్టలేదా? యాడ పోయింది నీ చురుకు?" అని నా పొయ్యి దగ్గర నన్నే కసిరేది. నాకు ఆ కసురు లేకపోతే తెల్లవారినట్టు ఉండేది కాదు.

ఆమెవి పుంగనూరు ఆవులు, నా నడుమెత్తు కూడా ఉండవు. ఒకప్పుడు వాటిని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు ఊళ్ళలోని శ్రీమంతులు వాటిని హాల్లో కట్టుకుని, టీవీ పక్కన నిలబెట్టి ఫోటోలు దిగుతున్నారు. బ్రోకర్లు పల్లెలన్నీ జల్లెడ పడుతున్నారు. ఆమె దగ్గర బూడిద రంగు పెయ్య ఒకటి తొలిచూలు కట్టి ఉంది. దాని తల్లి, దాని అమ్మమ్మ కూడా ఆమె చేతుల్లోనే పుట్టాయి. బెంగుళూరు బ్రోకర్లు ఎన్నిసార్లు వచ్చినా ఆమె పాక బయట నుంచే పంపించేసేది. "అది పోతే నాకేం ఉండాది? ఊరికే ఆశపడొద్దు, పోండప్పా" అనేది. దాని ఈత కోసం ఆమె కంటే నేనే ఎక్కువ ఎదురుచూస్తున్నానని నన్ను ఎగతాళి చేసేది.

మొన్న ఎండాకాలంలో ట్యాంకరన్న ట్యాంకర్ కొన్నాళ్ళు రాలేదు. ఎవరిదో పెళ్ళికి పంపించేశాడు. మనుషులం డబ్బా నీళ్ళు కొనుక్కుని సర్దుకున్నాం, ఆవులు ఏం చేస్తాయి? ఎండిన తొట్టిని నాకుతూ అరుస్తుంటే ఆమె తట్టుకోలేకపోయింది. రోడ్డు మీద బి.కొత్తకోట వైపు నుంచి వస్తున్న వేరే ట్యాంకర్‌ను చెయ్యెత్తి ఆపి తొట్టి నింపించుకుంది. అంతే, ఆమె చేసిన ఘోరం అంతే. ఆ ట్యాంకర్ మెయిన్‌రోడ్డు ఎక్కేలోపు చక్రాలన్నీ నేలకు అతుక్కుపోయాయి. ట్యాంకరన్న బండ్లు మళ్ళీ తిరగడం మొదలైనా ఆమె పాక దగ్గర ఒక్కటీ ఆగలేదు.

"అన్న సెప్పేదాకా లేదమ్మా" అని డ్రైవర్ ఆమె మొహం చూడకుండా చెప్పి పోయాడు. నేను నా సంపు నుంచి బిందెలతో తోడి గోడ మీదుగా అందించాను. రెండో బిందెకే ఎలా తెలిసిందో, సాయంత్రం డ్రైవర్ నా గేటు దగ్గరకు వచ్చాడు. "మీ సంపులో నీళ్ళు మీ ఇంటికే మేడమ్. గోడ దాటకూడదంట" అని చాలా మర్యాదగా చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా బిందెలు మోశాను, దొంగతనంగా, నా నీళ్ళను నేనే. కానీ ఆవులకు బిందెలు ఏ మూలకు? బూడిద పెయ్య పక్కటెముకలు తేలాయి. ఇట్లాగే ఉంటే ఈత సమయానికి అది లేవలేదని ఆమెకు తెలుసు. "పొట్టలో దూడ ఉండాది కదక్కా. రెండూ పోయే కంటే యాడన్నా బతకనీ. ఆ బ్రోకర్‌కు ఇచ్చేద్దునా?" అని నా వంటింటి గడపలో కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

"నువ్వు గమ్మునుండు. నేను పోయి మాట్లాడతా" అన్నాను. మాట్లాడకపోతే నా డాక్టరేట్ ఎందుకు, ఊరగాయ పెట్టుకోనా? ఇలాంటివాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఈ జిల్లాలో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరు?

ట్యాంకర్ల షెడ్డు పక్కన అతని ఏసీ గది. గోడ మీద దేవుడు, నాయకుడు, అతను, ముగ్గురూ ఒకే సైజులో ఉన్నారు. "రాండి మేడమ్, రాండి! రేయ్, మేడమ్‌కు కుర్సీ తుడవండి. నీళ్ళు బాగ వస్తాండాయా?"

"నాకు వస్తున్నాయి. మా వెనక ఆవులక్కకు రావడం లేదు."

పక్కనున్న మనిషి వంగి అతని చెవిలో ఏదో చెప్పాడు. "ఓ, ఆయమ్మా! ఆయమ్మకు మన నీళ్ళు పనికిరావంట మేడమ్. బి.కొత్తకోట నీళ్ళు జాస్తి తియ్యగా ఉంటాయంట." చుట్టూ నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు.

నేను కుర్చీలో సర్దుకుని క్లాసు మొదలుపెట్టాను. చికాగో చెప్పాను. బొగ్గు, శవపేటికలు, ఓట్లు, మద్యనిషేధం, అన్నీ. అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. నా సర్వీసులో అంత శ్రద్ధగా విన్న విద్యార్థి ఇంకొకడు లేడు.

"ఆడ గూడా ఏరియాలు పంచుకున్నారా మేడమ్?"

"పంచుకున్నారు."

"ఎవుడన్నా దాటొస్తే?"

"చంపారు."

"అయ్యో, శానా తప్పు!" అన్నాడు నిజంగా బాధపడి. "మనం అంత దూరం పోము మేడమ్. టైర్లో గాలి తీస్తాం, అంతే. సివరికి ఏమైనారు ఆయప్పలు?"

"కొందరు జైలుకు పోయారు, కొందరు కాటికి పోయారు."

"మిగిలినోళ్ళు?"

చరిత్రకారిణిని, అబద్ధం చెప్పలేను కదా. "మిగిలినవాళ్ళు కౌన్సిలర్లయ్యారు" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది.

నాకు చిర్రెత్తి అసలు సంగతికి వచ్చాను. "అదంతా పక్కన పెట్టు. ఆమెకు నీళ్ళు పంపించు. ఆమె బూడిద ఆవు చూడితో ఉంది. అట్లాంటి ఆవును నేను ఎక్కడా చూడలేదు. దాని కళ్ళు, దాని నడక! ఎంత బుద్ధిగల జీవమో నీకు తెలుసా? అది ఏ బ్రోకర్ చేతిలోనో పడి బెంగుళూరు పోతే నేను ఊరుకోను." గట్టిగా అడిగితే మొండికేస్తాడేమోనని ఆవును కాస్త ఎక్కువే పొగిడాను. అతని మనసు కరగాలని.

అతను చాలాసేపు నా మొహం వైపే చూశాడు. తర్వాత లేచి చేతులు జోడించాడు. "అర్థమైంది మేడమ్. ఆ ఆవు సంగతి నాకొదిలేయండి. అది బెంగుళూరు పోదు. అయితే నాదొక కోరిక. మన లేఅవుట్ గేటు కాడ చలివేంద్రం పెడతాండాను. మీరే రిబ్బను కత్తిరించాల. ఆ చికాగో సంగతి నాలుగు మాటలు సెప్పాల."

చలివేంద్రం! ఎండలో పోయేవాళ్ళకు ఉచితంగా మంచినీళ్ళు! నీళ్ళు ఆపినవాడే నీళ్ళ పందిరి వేస్తున్నాడు. నవ్వాలో చెప్పు తీయాలో తెలియలేదు. కానీ ఇంతకంటే మంచి వేదిక నాకు ఎక్కడ దొరుకుతుంది? అందరి ముందు కడిగేస్తాను వీణ్ణి, అనుకుని ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి అక్కతో "పని అయిపోయింది. మాట ఇచ్చాడు, ఆవు ఎక్కడికీ పోదు" అని చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. సభకు ముందు రెండు రోజులూ నేను కుప్పంలో పాత కొలీగు కూతురి పెళ్ళికి పోవాల్సి ఉంది. పోయాను. విడిది గది అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేశాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళెర్ర చేయాలో కూడా చూసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ట్యాంకరన్న బస్టాండుకే కారు పంపించాడు, కారు నేరుగా సభకు పోయింది. ఇంటి మొహం, పాక మొహం చూసే వీలు లేకపోయింది.

లేఅవుట్ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. ఒకవైపు దండం పెడుతున్న అతను, ఇంకోవైపు నా పాత గుర్తింపు కార్డులోని ఫోటో, చెంపలకు గులాబీ రంగు వేసి. వెనక ఆకాశాన్నంటే భవనాలు. అది చికాగో కాదు, దుబాయి. కింద 'అమెరికా చికాగో డాక్టర్ గారిచే' అని రాసి ఉంది. పందిట్లో ఎర్రగుడ్డ చుట్టిన కొత్త కుండలు, వాటికి వేపాకు తోరణం. కొబ్బరికాయ నా చేతికిచ్చారు. కాంపౌండరు కూతుర్ని, జీవితంలో కొబ్బరికాయ కొట్టలేదు. మూడో దెబ్బకు పగిలింది, చప్పట్లు కొట్టారు.

మైకు తీసుకున్నాను. "దేశమంతా పనుల్లేక జనం రోడ్డున పడ్డ కాలంలో, చికాగోలో ఒక పెద్ద దొంగ ఉచిత గంజి కేంద్రం తెరిచాడు" అని మొదలుపెట్టాను. "బీదవాళ్ళకు వేడి వేడి సూపు, రొట్టె, కాఫీ. ఊరంతా అతన్ని ధర్మప్రభువు అంది. ఆ సరుకులు వ్యాపారుల్ని బెదిరించి తెచ్చినవని కూడా చెప్పుకున్నారు. ఒక చేత్తో జనం గొంతు పట్టుకుని, ఇంకో చేత్తో గంజి పోశాడు!" అని వేలు నేరుగా ట్యాంకరన్న వైపు చూపించాను. విజిళ్ళు మోగాయి! "అన్నకు జై!" అని ఒకడు. "మన అన్న అమెరికా రేంజి!" అని ఇంకొకడు. ట్యాంకరన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను ఇంకా గట్టిగా తిట్టాను. ఇంకా గట్టిగా కొట్టారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, తిట్టు కూడా సరిగ్గా అర్థమయ్యేట్టు చెప్పలేకపోయానే అని నామీద నాకే మండింది.

నాకు శాలువా కప్పారు. ట్యాంకరన్న మైకు తీసుకున్నాడు. "మేడమ్ మన ఆఫీసుకొచ్చి తనకోసం ఏమీ అడగలేదు. కానీ ఒక ఆవు గురించి సెప్పినారు. దాని కండ్లు, దాని నడక! అది సెప్పేటప్పుడు మేడమ్ మొగం సూసినా. పెద్దోళ్ళు నోరు తెరిసి అడగరప్పా, మనమే తెలుసుకోవాల. ఆ బ్రోకర్లకు దక్కకుండా నేనే కొన్నా. మేడమ్‌కు మన లేఅవుట్ తరఫున చిన్న కానుక!"

డప్పులు మోగాయి. పందిరి వెనక నుంచి బూడిద ఆవు వచ్చింది. కొమ్ములకు రంగు, మెడలో బంతిపూల దండ, నొసట కుంకుమ. బెదిరిపోయి ఎవరు లాగినా కదలకపోతే, చివరికి దాని పలుపు ఆమె చేతికే ఇచ్చి నడిపించమన్నారు. మా ఆవులక్క. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఆవు చెవిలో ఏదో చెప్పుకుంటూ వేదిక దాకా తోలుకొచ్చింది.

నేను మైకు లాక్కున్నాను. "నేను అడిగింది ఇది కాదు! ఈ ఆవు నాకొద్దు! ఆమెకు నీళ్ళిమ్మని అడిగాను!"

"సూసినారా, వద్దంటాండారు!" అన్నాడు ట్యాంకరన్న గద్గదంగా. "ఇదీ పెద్దరికం అంటే!" పందిరి ఎగిరిపోయేట్టు చప్పట్లు. నేను వద్దన్నకొద్దీ నా విలువ పెరుగుతోంది. "ఏమ్మా, మేడమ్ చేతికియ్యి" అన్నాడు ఆమెతో. ఆమె పలుపు నా చేతిలో పెట్టింది. ఫోటోగ్రాఫరు "మేడమ్, కొంచెం నవ్వండి" అన్నాడు. నవ్వానో లేదో గుర్తులేదు, తర్వాత కట్టిన ఫ్లెక్సీలో మాత్రం నవ్వుతూనే ఉన్నాను.

సభ అయిన వెంటనే, శాలువా కూడా తీయకుండా, ఆవును పట్టుకుని నేరుగా పాక దగ్గరకు పోయాను. "అక్కా, ఇదిగో నీ ఆవు. నేను అడిగింది నీళ్ళు. వాడు నా మాటను ఏదో చేసి పెట్టాడు. కట్టేసుకో."

ఆమె కట్టుకొయ్య వైపు పోలేదు. "ఎవురు ఏం అడిగినా ఇచ్చేది ఆయప్పే కదా" అంది. "నువ్వు కుప్పం పోయిన నాడే వాళ్ళు వచ్చినారు. మేడమ్‌కు కావల్లంట అన్నారు. రేటు వాళ్ళే సెప్పినారు. నేను నమ్మలేదు. మళ్ళ అనుకున్నా, మాట్లాడతానని పోయింది నువ్వే కదా అని."

"నేను అట్లాంటిదాన్నా అక్కా?" అని అడిగాను.

ఆమె తొట్టి వైపు చెయ్యి చూపించింది. అడుగున ఆకులు, మట్టి. "ఈడ కట్టేస్తే ఏం తాగుతాది? మీ ఇంటికి అడక్కపోయినా ట్యాంకర్ వస్తాది. ఆడే ఉండనీ. ఈనేదాకా అన్నా బతుకుతాది."

ఆవు ఇప్పుడు నా పోర్టికోలో ఉంది. కారు కోసం కట్టిన పోర్టికో, కారు ఎప్పుడూ లేదు. దూడ పుట్టింది, తల్లి రంగే, చెంగు చెంగున ఎగురుతుంది. నా సంపు ఎప్పుడూ పొర్లిపోతూనే ఉంటుంది. పాకలో మిగిలిన ఆవులకు ఆ నీళ్ళే గోడ మీదుగా అందిస్తాను. ఇప్పుడు ఏ డ్రైవరూ వచ్చి అడగడు, అన్న మేడమ్‌ను ఎవరు అడుగుతారు? కానీ ఆమె పాక దగ్గర ట్యాంకర్ మాత్రం ఇప్పటికీ ఆగదు. ఆగేట్టు చేయమని మళ్ళీ పోయి చెప్పడానికి నాకు ధైర్యం లేదు. పాక బాగుందని నేను పొరపాటున అన్నానంటే, పాకను కూడా పెరికి తెచ్చి నా పెరట్లో పాతుతాడు. ఇక పొద్దున లేస్తే గేటు ముందు జనం. "మేడమ్, మా వీధికి ట్యాంకర్ రాలేదు, అన్నకు ఒక మాట సెప్పండి" అంటారు. పాస్టరుగారు కూడా వచ్చారు, పాత నవ్వుల సంగతి ఎత్తకుండా, ఆవును చూసి నన్ను చూసి, కాఫీ తాగి వెళ్ళారు. చికాగోలో అలాంటి వాకిళ్ళు ఉండేవని, ఆ వాకిళ్ళలో పెద్దమనుషులు కూర్చునేవారని నా చివరి అధ్యాయంలో రాశాను. మళ్ళీ తీసి చదవలేదు.

ఆవులక్క రోజూ రెండు పూటలా వస్తుంది, పాలు పితకడానికి, మేత వేయడానికి. పాలు ఆమెవే, నేను చుక్క ముట్టను. ఆ ఒక్క షరతుకు మాత్రం ఒప్పించాను. కానీ పెరటి తలుపు తోసుకుని రావడం మానేసింది. ఆ తలుపుకు నేను గడియ వేయడం లేదు, తెరిచే ఉంచుతున్నాను. వంటింట్లో కాఫీ పొంగుతూ ఉంటుంది, కసిరేవాళ్ళు లేరు. ఆమె చుట్టూ తిరిగి, వీధి వైపు నుంచి వచ్చి, నన్ను అడగడానికి వచ్చిన ఆ జనం వెనక నిలబడుతుంది. తన వంతు వచ్చాక గేటు పట్టుకుని, లోపల దూడను చూస్తూ అడుగుతుంది.

"మేడమ్, లోపలికి రావచ్చునా?"